సూర లెక్క: మెల్‌బోర్న్‌కు ఒక ఉత్తరం

తిరుపతి,
12-6-2025

మిత్రమా,

మృగశిర కార్తె వచ్చింది గానీ గాలి ఇంకా వేడిగానే కొడతా ఉంది. తోతాపురి ధర ఈ ఏడు నేల చూసింది. గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. మీ తమ్ముడు ఆ సంగతంతా ఫోన్లో చెప్పే ఉంటాడు, నేను మళ్లీ కదపను.

నీ జాబులో అడిగిన దానికి వస్తాను. అక్కడ అంగట్లో ట్యూనా డబ్బా చేతిలోకి తీసుకుని కొందామా వద్దా అని నిలబడిపోయానన్నావు. మొన్నటిదాకా హిందూ మహాసముద్రంలో పసుపు రెక్కల సూర, అదే ఎల్లోఫిన్ ట్యూనా, అయిపోతోంది, తినొద్దు అన్నారు. ఇప్పుడేమో కోలుకుంది, భయం లేదు అంటున్నారు. ఏది నమ్మాలి అని నీ ప్రశ్న. ఏమప్పా, విశాఖ రేవులో అన్నేళ్లు చేపల పొడవులు కొలిచినవాడివి నువ్వు. నేను నాలుగు గోడల మధ్య నల్లబల్ల మీద వంకర గీతలు గీసి పిల్లలకు పాఠం చెప్పినవాడిని. అయినా అడిగావు కాబట్టి నాకు తోచింది రాస్తాను.

ముందే చెప్పేస్తాను. సముద్రంలో సూర పెరగడం ఎవరూ చూడలేదు. పెరిగింది మన అంచనా.

సీషెల్స్ రాజధాని విక్టోరియాలో హిందూ మహాసముద్ర ట్యూనా కమిషన్ ఉందని నీకు తెలుసు. 1996 నుంచి పనిచేస్తోంది, మన దేశమూ అందులో సభ్యురాలే. పసుపు రెక్కల సూరను మితిమీరి పట్టేశారని ఆ కమిషన్ శాస్త్రవేత్తలు 2015లో తేల్చారు. 2021లో మళ్లీ లెక్క కట్టారు. ఏటా గరిష్ఠంగా 3 లక్షల 49 వేల టన్నులు పడితే చేప నిలదొక్కుకుంటుంది, మనమేమో 4 లక్షలు దాటి పడుతున్నాం, గుడ్లు పెట్టే ఈడు చేపల మొత్తం బరువు ఉండాల్సిన దానికన్నా 13 శాతం తక్కువైంది అన్నారు. మూడేళ్లు గడిచాయి. 2024లో ఇంకో లెక్క వచ్చింది. పట్టదగిన గరిష్ఠం 4 లక్షల 21 వేల టన్నులట. ఈడు చేపల బరువు ఉండాల్సిన దానికన్నా 32 శాతం ఎక్కువే ఉందట. మరి ఈ మూడేళ్లలో వేట తగ్గిందా అంటే, పట్టుబడి 4 లక్షల టన్నులకు అటూ ఇటూగానే సాగింది. అంత వేటలో మూడేళ్లకే ఒక చేప జాతి ఇంత ఎగబాకదు. కాబట్టి మారింది లెక్క కట్టిన తీరు.

ఈ మాట అన్నానని ఆ శాస్త్రవేత్తలను తప్పుపట్టడం లేదు. ఇది మోసం కాదు. కనపడనిదాన్ని లెక్కపెట్టే ఏ విద్యకైనా ఈ బాధ తప్పదు. మన ఎస్వీ యూనివర్సిటీ రోజుల్లో షేఫర్ వక్రరేఖ గీయమంటే నువ్వు స్కేలు పెట్టి గీసేవాడివి, గుర్తుందా? ఆ మిల్నర్ షేఫర్ 1950లలో తూర్పు పసిఫిక్‌లో లెక్క కట్టింది ఈ పసుపు రెక్కల సూర మీదనే. మన పాఠం పుట్టిందే ఈ చేప వల్ల. వేట అసలు లేకపోతే చేప సముద్రం భరించగలిగినంత దాకా పెరిగి ఆగిపోతుంది. కొంత పడితే మిగిలినవాటికి మేతా చోటూ దొరికి వేగంగా పుంజుకుంటాయి. మొదటి మొత్తంలో సగం దగ్గర ఆ పుంజుకోవడం అన్నిటికన్నా ఎక్కువ. ఆ సగం దాటి కిందికి తోస్తే పుంజుకునే శక్తి కూడా తగ్గిపోతుంది. షేఫర్ చెప్పింది ఇంతే. తర్వాత 1957లో బెవర్టన్, హోల్ట్ వచ్చి పుట్టుక, ఎదుగుదల, సహజ మరణం, వేట మరణం అని విడివిడిగా కట్టారు. పరీక్షలో మనకు నిద్ర లేకుండా చేసింది వాళ్లిద్దరే.

ఈ నాలుగింటిలో సూర విషయంలో కచ్చితంగా తెలిసేది ఏది? పుట్టుక తెలియదు. ఒక తల్లి చేప ఒక్క విడతలో లక్షల గుడ్లు వదులుతుంది, కాలం బాగుంటే కొన్ని రోజులకొకసారి వదులుతుంది. వాటిలో ఎన్ని బతికి మూరెడు పిల్లలవుతాయో ఆ ఏటి నీళ్ల వేడి, మేత, ప్రవాహం తేల్చాలి. ఎదుగుదల కొంత తెలుసు. చెవిలోని చిన్న రాయిని అరగదీసి వలయాలు లెక్కపెడితే వయసు చిక్కుతుంది, కానీ ముసలి చేపల దగ్గర ఆ లెక్క తడబడుతుంది. సహజ మరణం అన్నిటికన్నా అంధకారం. సొరచేప మింగిందో, జబ్బు చేసి అడుక్కి పోయిందో చెప్పేవాడు లేడు. మిగిలింది వేట. అదొక్కటే మనిషి చేతిలో ఉన్నది, కొలవగలిగేది. కొలిచేది నీలాంటి వాళ్లు.

2005 నుంచి కొన్నేళ్లు హిందూ మహాసముద్రంలో 2 లక్షలకు పైగా ట్యూనాలకు వీపున ప్లాస్టిక్ గుర్తులు గుచ్చి వదిలారు గదా. తిరిగి దొరికిన చేపలు ఎంత దూరం పోయాయో, ఎంత ఎదిగాయో చూసి చాలా సంగతులు పట్టుకున్నారు. కానీ ఆ గుర్తుల్లో అధిక భాగం పడమటి దిక్కున, ఆఫ్రికా తీరం వైపు గుచ్చినవి. మన బంగాళాఖాతం చేప గురించి అవి చెప్పింది తక్కువ. అయినా లెక్కలో మాత్రం మొజాంబిక్ నుంచి ఇండోనేషియా దాకా అంతా ఒకే కుటుంబమని పట్టుకుని, నాలుగు ప్రాంతాలుగా విడగొట్టి కడతారు. మన తీరం ఆ నాలుగింటిలో ఈశాన్యం మూల.

కథ ఇంతదాకా ఎట్లా వచ్చిందో ఒక్కసారి వెనక్కి తిరిగి చూడు. 1952లో జపాన్ పడవలు పొడవాటి తాళ్లకు వేల గాలాలు కట్టుకుని ఈ సముద్రంలోకి దిగాయి. వెనకాలే తైవాన్, ఆపైన కొరియా. 1980లలో ఐరోపా పర్సు వలల ఓడలు అట్లాంటిక్ నుంచి ఇటు తిరిగాయి. అప్పటినుంచి పట్టుబడి ఉరకలేసి 2004లో 5 లక్షల టన్నులు దాటింది. ఆ రెండు మూడేళ్లు పడమటి హిందూ మహాసముద్రంలో సూర ఒకచోట గుంపుకట్టి మేస్తుంటే ఓడలు ఆడుతూ పాడుతూ పట్టేశాయి. చేప ఎక్కువైందా, సులువుగా దొరికిందా అన్న వాదన ఇప్పటికీ తెగలేదు. తర్వాత సోమాలియా సముద్ర దొంగలు బయల్దేరారు. ఓడలు భయపడి దూరం జరిగాయి. 2009 నాటికి పట్టుబడి 3 లక్షల దిగువకు పడింది. ఏ తీర్మానమూ చేయలేని పని ఆ దొంగలు చేసిపెట్టారు, ఇంకెవరి చేతనైనా అయ్యుంటే బాగుండేది.

ఇప్పుడు నీ ప్రశ్నకు అసలు కీలకం. 2021కీ 2024కీ మధ్య లెక్క ఎందుకు మారింది? చాలా కారణాలున్నాయి, ఎదుగుదల, ఈడు, సహజ మరణం అంచనాలు సవరించారు. కానీ పెద్ద బరువు పడింది ఒక సూచిక మీద. జపాన్, కొరియా, తైవాన్ గాలపు పడవల రికార్డులు కలిపి, ఇన్ని గాలాలు వేస్తే ఇన్ని చేపలు పడ్డాయి అని ఏడాదేడాదికీ ఒక అంకె కడతారు. ఆ అంకె పడిపోతే చేప తగ్గిందని, నిలబడితే చేప నిలబడిందని అర్థం చేసుకుంటారు. ఆ అంకెను ఈసారి కొత్తగా కట్టారు. చేతిలో మిగతా ఆధారాలు అంత పల్చగా ఉన్నప్పుడు, ఆ గీత ఒకటి కాస్త లేస్తే మొత్తం అంచనా లేస్తుంది.

ఇది ఎంత నమ్మదగిందో మన ఊరి పద్ధతిలో చెప్తాను. రైల్వేస్టేషన్ ముందు కొండకు పోయే జీపులు ఉంటాయి గదా. నువ్వు స్టేషన్ లోపలికి పోకూడదు, ఒక జీపు నిండడానికి ఎంతసేపు పడుతోందో మాత్రం చూసి ఆ పూట తిరుపతిలో దిగిన భక్తులెందరో చెప్పాలి. పది నిమిషాల్లో నిండితే జనం బాగా ఉన్నారు, గంట పడితే లేరు. మామూలు రోజుల్లో ఇది పనికొస్తుంది. కానీ డ్రైవరు ఏ రైలు ఎప్పుడొస్తుందో, ఏ ప్లాట్‌ఫారం మీద గుంపు దిగిందో ఫోన్లో చూసుకుని నేరుగా అక్కడే కాపు కాస్తే? జనం సగమైనా జీపు పది నిమిషాల్లోనే నిండుతుంది. బయట నిలబడ్డ నీకు జనం తగ్గినట్టే తెలియదు.

సముద్రం మీద ఆ ఫోను మన జిల్లా నుంచే పోయింది. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. 1911లో చిత్తూరు జిల్లా పుట్టినప్పటి నుంచి మనకు సముద్రమే లేదు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడి సూళ్లూరుపేట, తడ, వాకాడు మనలో కలిసే సరికి ఒక్కరోజులో తీరం వచ్చింది, పులికాట్ వచ్చింది, శ్రీహరికోట వచ్చింది. ఆ శ్రీహరికోట నుంచే 1999 మే 26న మొదటి ఓషన్‌శాట్ ఉపగ్రహం ఎగిరింది. 2009 సెప్టెంబరు 23న రెండోది, 2022 నవంబరు 26న మూడోది. అవి పైనుంచి సముద్రం రంగు చూస్తాయి. నీళ్లలో కంటికి ఆనని పచ్చని మొక్కలు ఎక్కడ దట్టంగా ఉంటే అక్కడ పచ్చదనం తేలుతుంది, వాటి మీద బతికే చిన్న చేపలు అక్కడికి చేరతాయి, వాటిని వెతుక్కుంటూ సూర వస్తుంది. నీళ్ల వేడి ఎక్కడ హఠాత్తుగా మారుతోందో దాన్ని కూడా కలిపి చూసి హైదరాబాద్ ప్రగతినగర్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ రేవుల వారీగా సూచనలు పంపుతుంది, ట్యూనాకు వేరుగా కూడా. ఇన్ని కిలోమీటర్ల దూరం, ఈ దిక్కు, ఇంత లోతు అని తెలుగులో వస్తుంది. మన సరంగులకు వెతుకులాట తప్పింది, డీజిలు మిగిలింది. దాన్ని నేనెట్లా కాదంటాను? ఖాళీ పడవతో తిరిగొచ్చిన మనిషి అప్పు ఎట్లా పెరుగుతుందో నువ్వు దగ్గర నుంచి చూసినవాడివి.

పెద్ద ఓడల దగ్గర ఉన్నది ఇంతకు ఎన్నో రెట్లు. అవి నడిసముద్రంలో వెదురుతోనో ప్లాస్టిక్‌తోనో కట్టిన తెప్పలు వదిలేస్తాయి. నీడ దొరికిన చోట చేప చేరుతుంది, అది వాటి స్వభావం. ఆ తెప్పకు ఉపగ్రహంతో మాట్లాడే పెట్టె ఉంటుంది, అడుగున శబ్దంతో చేపల్ని కొలిచే పరికరం ఉంటుంది. కిందికి ఎన్ని టన్నులు చేరాయో ఓడలో కూర్చున్న కెప్టెనుకు తెర మీద కనిపిస్తుంది. ఇంత తెలిసినవాడి పట్టుబడి, చేప సగమైనా తగ్గదు. అందుకే ఆ ఓడల లెక్క పక్కనపెట్టి గాలపు పడవల లెక్కను ఎక్కువ నమ్ముతారు. కానీ గాలపు పడవలేమైనా 1952 నాటివా? వాళ్లకూ జీపీఎస్ వచ్చింది, నీళ్ల వేడి పటాలు వచ్చాయి, గాలం ఏ లోతులో వేలాడాలో తెలిసింది. ఈ నేర్పును లెక్కలోంచి తీసేయడానికి గణితంతో రకరకాల సవరణలు చేస్తారు. ఎంత తీశారు, ఎంత మిగిలింది అన్నదానిమీదే 3 లక్షల 49 వేలా, 4 లక్షల 21 వేలా అన్నది ఆధారపడి ఉంది.

అందుకని కోలుకుంది అన్న మాట వినగానే పండగ చేసుకోవద్దు, అబద్ధమని కొట్టిపారేయొద్దు. అంచనా మెరుగుపడి ఉండొచ్చు, 2021 లెక్క మరీ భయపెట్టి ఉండొచ్చు. ఒక్కటి మాత్రం తేలుతోంది. మనం వేట తగ్గించడం వల్ల ఇది జరగలేదు. 2016లో కమిషన్ ఒక పునరుద్ధరణ పథకం చేసింది. 2014 పట్టుబడిని ఆధారంగా పెట్టుకుని ఏ రకం పడవ ఎంత తగ్గించాలో రాసింది. తగ్గించినవాళ్లు కొంత తగ్గించారు, మిగతావాళ్లు ఆ జాగా నింపారు. తర్వాతి ఏళ్లలో దాన్ని బిగించబోతే ఆక్షేపణలు వచ్చాయి. కొన్నిటికి మన దేశమూ ఆక్షేపణ చెప్పింది. ముప్పై నలభై ఏళ్లు మీరు దోచుకుని, మా గాలం పడవ ఇప్పుడిప్పుడే లోతుకు దిగుతుంటే కోత పెడతారా అన్నది మనవాళ్ల వాదన. న్యాయం ఉంది. కానీ హిందూ మహాసముద్రం చుట్టూ ఇట్లా న్యాయం ఉన్న దేశాలు చాలా ఉన్నాయి. ఈ చేపలో పెద్ద భాగం పట్టేది ఇరాన్, ఒమన్, మాల్దీవులు, శ్రీలంక, ఇండోనేషియా, మనలాంటి తీరదేశాల పడవలే. ఐరోపా ఓడల మీద మాత్రమే వేలు చూపించి కూర్చుంటే సరిపోదు.

అట్లాగని వేలు చూపించాల్సిన చోట చూపించకుండా ఉండలేను. ఆ తెప్పల కింద చేరేది ఎక్కువగా చిన్న జాతి సూర, డబ్బాల్లో నింపే స్కిప్‌జాక్. దాంతోపాటు మూరెడు పసుపు రెక్కల పిల్లలు. రెండూ ఒకే సైజు, ఒకే గుంపు. వల వేస్తే రెండూ వస్తాయి. ఆ పిల్ల తూగేది రెండు మూడు కిలోలు. మీటరు పొడవుకు దగ్గరై గుడ్లు పెట్టే ఈడుకొచ్చేసరికి ఇరవై కిలోల దరిదాపుల్లో ఉంటుంది. నిలువెత్తు ఎదిగిందంటే వంద కిలోల మాటే. రెండేళ్లు ఆగితే ఎన్నో రెట్లు తూగే చేపను, ఒక్కసారి కూడా గుడ్లు పెట్టకముందే డబ్బాలో కుక్కేస్తున్నారు. లెక్కలు ఎట్లా మారినా ఇది మాత్రం తప్పే. బెవర్టన్, హోల్ట్ నేర్పిన మొదటి పాఠమే ఇది. ఏ వయసులో పడుతున్నావన్నది, ఎంత పడుతున్నావన్నదంత ముఖ్యం.

నిజంగా కోలుకోవడం అంటే ఎట్లా ఉంటుందో చూడాలంటే పసిఫిక్ బ్లూఫిన్‌ను చూడు. 2010 ప్రాంతంలో దాని ఈడు చేపలు, వేటే లేకుంటే ఉండాల్సిన దాంట్లో 2 శాతానికి పడిపోయాయి. అందరూ ఆశ వదులుకున్నారు. జపాన్‌తో సహా ఆ దేశాలు 30 కిలోల లోపు చేపల పట్టుబడిని 2002-04 సగటులో సగానికి కోశాయి. 2022 నాటికి అది 23 శాతానికి లేచింది, పెట్టుకున్న గడువు కన్నా చాలా ముందే. అక్కడ అంచనాతోపాటు పట్టుబడీ మారింది. ముఖ్యంగా పిల్లలను వదిలేశారు. హిందూ మహాసముద్రంలో మనకు ఇంకా అట్లాంటి కథ లేదు.

ఉండేదే. 2023 ఫిబ్రవరిలో మొంబాసాలో కమిషన్ కూర్చుని, ఆ తెప్పలకు ఏటా 72 రోజులు సెలవు ఇవ్వాలని ఓటు వేసి తీర్మానం చేసింది. యూరోపియన్ యూనియన్‌తో సహా ఒకరి తర్వాత ఒకరి ఆక్షేపణలు వచ్చిపడ్డాయి. చాలినన్ని ఆక్షేపణలు చేరగానే తీర్మానం ఎవరినీ కట్టిపడేయకుండా పోయింది. ఇటు మన తీరం చూడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరమంతా మర పడవలు ఒడ్డునే ఉన్నాయి. తూపిలిపాళెంలో ఇసుక మీద ఫైబర్ బోట్లు వరసగా బోర్లించి ఉన్నాయి, వలలు బాగు చేసుకుంటున్నారు. ఈ ఏడు నుంచి వేట విరామ భృతి ఇంటికి 20 వేలకు పెంచారు, మొన్న ఏప్రిల్ 26న మొదలుపెట్టారు. అంతకుముందు 10 వేలు. రాకెట్టు ఎగిరే రోజుల్లో శ్రీహరికోట చుట్టుపక్కల వేటకు పోవద్దంటే ఆ రోజులు వేరే. పల్లెకారు రెండు నెలలు అప్పుమీద బతకగలిగినప్పుడు, లోకంలోకెల్లా పెద్ద వలలు పెట్టుకున్న కంపెనీలకు 72 రోజులు తెప్ప తీయడం ఎందుకు చేతకాలేదో నాకు ఎవరూ సమాధానం చెప్పలేదు.

మన విరామం కూడా సూరను దృష్టిలో పెట్టుకుని రాసింది కాదు. ఒడ్డు దగ్గర గుడ్లు పెట్టే చేపల కోసం, అడుగు గీకే వలలకు కళ్లెం వేయడం కోసం వచ్చింది. పసుపు రెక్కల సూర గుడ్లు పెట్టేది ఎక్కువగా భూమధ్యరేఖ దగ్గర, డిసెంబరు నుంచి మార్చి దాకా. మన వేట విరామం మొదలయ్యేసరికి దాని ముఖ్యమైన కాలం దాటిపోయి ఉంటుంది. పైగా అది మన 200 మైళ్ల గీతను ఎరగదు. ఇక్కడ వదిలిన చేపను ఇంకెక్కడో ఇంకొకడు పట్టుకుంటాడు. అంతర్జాతీయ పంపకం లేకుండా ఏ ఒక్క దేశం త్యాగమూ ఈ చేపను కాపాడదు. అది కాబట్టే ఎవరూ ముందుగా త్యాగం చేయడం లేదు.

అయినా విశాఖ, పూడిమడక గాలం వేటగాళ్లను చూస్తే నాకు గౌరవం. వలతో ఊడ్చేయరు. ఒక గాలం, ఒక ఎర, ఒక చేప. పడేది ఎక్కువగా పెద్దదే. చిక్కల్లా ఒడ్డుకొచ్చాక. మనవాళ్లు సూర తినరు. మన ఇళ్లల్లో చేపల పులుసంటే బొచ్చో, కొరమీనో, చేతిలో డబ్బులుంటే వంజరమో గానీ, సూర నల్ల కండ చూసి మొహం తిప్పుకుంటారు. అందుకని లారీలెక్కి కేరళ పోతుంది. పచ్చిగా తినే సాషిమీకి పనికొచ్చే చేప, పట్టిన క్షణం నుంచి ఐసు సరిగా పడక, ఒడ్డుకొచ్చేసరికి మామూలు ధరకు దిగిపోతుంది. తక్కువ చేప పట్టి ఎక్కువ సంపాదించే దారి ఈ ఐసు దగ్గరే ఉంది. సూర వేడి నెత్తురు చేప కాబట్టి చచ్చాక కూడా దాని ఒళ్లు ఉడికిపోతుంది. వెంటనే నెత్తురు తీసి, పేగులు తీసి, ఐసులో పెట్టకపోతే కండ పాడవుతుంది. మనం పడవల సంఖ్య పెంచడానికి పెట్టిన శ్రద్ధలో నాలుగోవంతు ఐసు పెట్టెల మీద పెట్టి ఉంటే, ఈ పాటికి కమిషన్ ముందు తలెత్తి మాట్లాడేవాళ్లం.

ఇంకో లోటు ఉంది, అది నీకు బాగా తెలిసిందే. కొచ్చిలో ఉన్న కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ దశాబ్దాలుగా తీరమంతా శాంపిళ్ల మీద పట్టుబడిని అంచనా వేస్తోంది. నెలను పదేసి రోజులుగా విడగొట్టి, కొన్ని రేవులు, కొన్ని రోజులు ఎంచుకుని, కొన్ని పడవల చేపను తూచి, కొలిచి, మొత్తానికి గుణిస్తారు. ఒకే రేవులో ఒకే రకం చేప కుప్పలు పోసేచోట ఈ పద్ధతి బాగా నడుస్తుంది. సూర అట్లా కాదు. పదిమంది ఖాళీగా వస్తారు, పదకొండోవాడు పడవ నిండా తెస్తాడు. ఆ రోజు మనిషి రేవులో లేకపోతే ఆ చేప లెక్కలోకి రాదు. ఎన్ని గాలాలు వేశారు, ఎన్ని రోజులు తిరిగారు అన్నది అసలే రాదు. అది లేకుండా పట్టుబడి ఒక్కటే రాసుకుంటే, చేప పెరిగిందో మనం ఎక్కువ తిరిగామో ఎవరు చెప్పగలరు? హిందూ మహాసముద్రం ఈశాన్యం మూల అంచనాలో పల్చగా ఉండడానికి కారణం మన లెక్కల లేమి కూడా. జపాన్ పడవల గీతమీద మన బంగాళాఖాతం చేప జాతకం రాస్తున్నారంటే, మన గీత మనం గీసుకోలేదు కాబట్టి.

ఈ మాట ఎక్కడ అన్నా, పేదవాళ్ల పడవల మీద ఇంకో రిజిస్టరు రుద్దుతావా అంటారు. రుద్దాల్సిందే అంటాను నేను. కోత ఎవరికి ఎంత అని రేపు పంచేటప్పుడు, పాత పట్టుబడి రుజువు చూపించినవాడికే వాటా దక్కుతుంది. లెక్క లేనివాడికి వాటా లేదు. ఐరోపా ఓడలకు ప్రతి వలకూ రికార్డు ఉంది. మన సరంగుకు ఉన్నది జ్ఞాపకం.

ఇక నీ డబ్బా సంగతి. లేబుల్ చదువు. స్కిప్‌జాక్ అని, కర్ర గాలంతో పట్టింది అని రాసి, మాల్దీవుల నుంచి వచ్చిందైతే నిశ్చింతగా కొను. అక్కడ తరతరాలుగా కర్రకు గాలం కట్టి ఒక్కొక్క చేపనే పడతారు. పసుపు రెక్కల సూర అని ఉండి, ఎట్లా పట్టారో చెప్పకపోతే వెనక్కి పెట్టేయ్. ఏ సముద్రమో కూడా రాయని డబ్బాను ముట్టుకోవద్దు.

నేను నీ నుంచి కోరేది ఒకటుంది. విశాఖలో ఉద్యోగం చేసినన్నాళ్లు నీ సొంతానికి రాసుకున్న నోటుబుక్కులు చిత్తూరు ఇంట్లో అటకమీద పెట్టానని ఒకసారి చెప్పావు. ఒక్కో పడవ వేసిన గాలాలు, తిరిగిన రోజులు, ఒక్కో సూర పొడవు, ఎరగా ఏం వాడారు అన్నది కూడా వాటిలో రాసేవాడివి. ఇంటి తాళం మీ అక్క దగ్గరుందన్నావు. ఆమెకు ఒక మాట చెప్పు, వానలు పట్టకముందే నేను పోయి దింపుకొస్తాను. ప్రతి పేజీ ఫొటో తీయించి, పట్టికలు కట్టించి, విశాఖలోని పరిశోధన కేంద్రానికి ఒక ప్రతి, మన యూనివర్సిటీ జువాలజీ విభాగానికి ఒక ప్రతి ఇద్దాం. గాలాల లెక్క ఉన్న బంగాళాఖాతం సూర రికార్డులు ఎక్కువ లేవు. ఈ జాబు అందగానే మీ అక్కకు ఫోన్ చెయ్యి.

ఇట్లు,
నీ మిత్రుడు